లోపం వై క్రోమోజోముల.. నింద కోడలి మీద

గొడ్రాలు. ఈ మాట ఇనని ఊరు లేదు, వాడ లేదు. పెండ్లయి మూడేండ్లు దాటినా కడుపు పండకుంటే ఆడామెకు అంటగట్టే పేరు అది. సీమంతానికి పిలువరు. పసిపిల్లను చేతికియ్యరు. పొద్దున్నే ఎదురొస్తే మొకం తిప్పుకుంటరు. మరి మొగోనికి అసువంటి మాట ఏదన్న ఉన్నదా? నేనైతే ఇనలె. మరీ తిట్టాలనిపిస్తే 'మొగతనం లేనోడు' అంటరు. అది ఇంకో ముచ్చట, ఇంకో తప్పు. దాని సంగతి ముందట చెప్త. పిల్లలు కాకుంటే తప్పు ఎవలదో మన భాషనే ముందుగాల తీర్పు చెప్పి పెట్టింది.

సైన్సు తీర్పు వేరే ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల ఇచ్చిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిల ఒకరికి జీవితంల ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురైతది. పిల్లలు కాని జంటలను చూస్తే దగ్గర దగ్గర సగం మందిల మొగోని దిక్కు లోపం ఉంటది. కొందరిల ఆయన ఒక్కనిదే, కొందరిల ఇద్దరిది. సగం అంటే చిన్న మాట గాదు.

నేను డాక్టర్ను గాదు. పదో తరగతి తర్వాత నా సదువంతా లైబ్రరీలల్ల, దవాఖాన వరండాలల్లనే సాగింది. ఇరవై ఏండ్ల సంది మహిళా సంఘాలతోని తిరుగుతున్న కాబట్టి చేతికొచ్చిన ఫైళ్లకు లెక్క లేదు. ఆ ఫైళ్లల్ల ఒకటే కత. ఆమె రిపోర్టులు జానెడు ఎత్తు ఉంటయి. థైరాయిడ్, స్కానింగులు, ట్యూబు టెస్టు, లాపరోస్కోపీ, మళ్ల స్కానింగులు. ఆయన రిపోర్టు ఒక్క కాయితం, అది గూడ ఏడేండ్ల తర్వాత తీసింది. ఒక చెల్లె ఫైలుల ఆ ఒక్క కాయితం మీద 'వీర్యకణాలు: సున్నా' అని ఉన్నది. అప్పటికే ఆమెకు రెండుసార్లు పొట్ట మీద రంధ్రాలు పెట్టి చూసిన్రు. కొన్ని వందల రూపాయలతోని అయిపోయే పరీక్ష ముందుగాల చేస్తే ఆ కోతలు ఉండకపోవు.

ఎందుకు చెయ్యలె? ఆయన ఒప్పుకోలె. ఎందుకు ఒప్పుకోలె అంటే 'నాకేం తక్కువ, నేను బాగనే ఉన్న' అన్నడు. గిక్కడ్నే మన మొగోళ్లందరు ఒక ముచ్చట ఎరుక చేసుకోవాలె. వృషణాలల్ల రెండు వేరే వేరే పనులు జరుగుతయి. ఒక రకం కణాలు టెస్టోస్టెరాన్ అనే హార్మోను తయారు చేస్తయి. మీసాలు, గొంతు, కోరిక, కలయిక అన్నీ దాని మీద నడుస్తయి. ఇంకో దిక్కు సన్నటి గొట్టాలల్ల వీర్యకణాలు తయారైతయి. ఒక్క కంపెనీల రెండు షెడ్లు అనుకోర్రి. మొదటి షెడ్డు మంచిగ నడుస్తుండంగ రెండోది తాళం పడి ఉండొచ్చు. బయటికొచ్చే వీర్యం గూడ చూస్తానికి మామూలుగనే ఉంటది. ఎందుకంటే అందుల ఎక్కువ భాగం వేరే గ్రంథుల నుంచి వచ్చే నీరే, కణాల వాటా శానా తక్కువ. అందుకే మొగతనం వేరు, సంతానం కలిగే శక్తి వేరు. అద్దంల చూసుకొని తెలుసుకునేది గాదు, సూక్ష్మదర్శిని కింద చూస్తనే తెలుస్తది.

ఇగ ఆ రెండో షెడ్డు సంగతి. ఒక వీర్యకణం మొదలు నుంచి తయారు కావాలంటే రెండు నెలల పైన, దగ్గర దగ్గర డెబ్బై రోజులు పడ్తది. గుండ్రటి మామూలు కణం ముందుగాల తన క్రోమోజోములను సగం చేసుకుంటది. 46 ఉన్నయి 23 అయితయి. తర్వాత తలకాయ సన్నగ అయితది, తోక మొలుస్తది, ఒంట్ల ఉన్న రసమంతా పారేసుకుంటది. దూర ప్రయాణం పొయ్యేటోడు మూట తేలిక చేసుకున్నట్టు. ఈ పనికి రెండు వేలకు పైగ జన్యువులు కావాలె అని లెక్క. ఎక్కడ ఒక్క జన్యువు మొరాయించినా లైను ఆగుతది. ఎక్కడ ఆగింది అన్నదాన్ని బట్టి రిపోర్టుల రాత మారుతది. ఒకరికి కణాలే ఉండయి, ఇంకొకరికి తక్కువుంటయి, ఇంకొకరికి మస్తు ఉన్నా కదలయి.

అసలే కణాలు లేకుంటే దాన్ని అజూస్పెర్మియా అంటరు. మొత్తం మొగోళ్లల్ల వందకు ఒకరికి ఉంటది. పిల్లలు కాక దవాఖానకొచ్చే మొగోళ్లల్ల వందకు పది, పదిహేను మంది దాక ఉంటరు.

ఇందుల పెద్ద కారణాలల్ల ఒకటి వై క్రోమోజోము తెగుడు. 1976ల ఇటలీల టియెపోలో, జుఫార్ది అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కణాలు లేని ఆరుగురు మొగోళ్లల్ల వై క్రోమోజోము పొడుగు చెయ్యి కొస తెగిపోయి ఉన్నదని పట్టుకున్నరు. వీర్యకణాలకు కావాల్సిన జన్యువులు అక్కడ ఉన్నయని అప్పుడు తెలిసింది. తర్వాత ఆ జాగను మూడు ముక్కలు చేసి ఏజెడ్ఎఫ్-ఎ, బి, సి అని పేర్లు పెట్టిన్రు.

అది ఎందుకు తెగుతది? 'వికటకవి' అనే మాట మనందరికి ఎరుకే. ముందట నుంచి సదివినా ఎనుక నుంచి సదివినా ఒక్కటే. వై క్రోమోజోముల గసువంటి రాతలు లక్షల అక్షరాల పొడుగు ఉన్నయని 2003ల అమెరికాల డేవిడ్ పేజ్ బృందం మొత్తం సదివి చూపెట్టింది. కడమ క్రోమోజోములకు జోడి ఉంటది, ఒకదాంట్ల తప్పు పడితే రెండోదాన్ని చూసి దిద్దుకుంటయి. వై ఒంటరిది. అందుకే తన రాతను తనే రెండుసార్లు రాసి పెట్టుకున్నది, ఒకటి చెడితే ఇంకోటి చూసి దిద్దుకుంటానికి. తెలివైన పనే గని దానికి ఒక ధర ఉన్నది. ఒక్క తీరుగున్న రెండు జాగలు ఒకదానికొకటి అనుకొని అతుక్కుంటే నడుమల ఉన్న ముక్క మొత్తం లేచిపోతది. ఏజెడ్ఎఫ్-సి తెగుడుల గిట్ల ఒక్క దెబ్బకు ముప్పై అయిదు లక్షల అక్షరాలు పోతయి. డాజ్ అనే జన్యువు కాపీలు గూడ అందులనే ఉంటయి.

ఇది ఎక్కువ సార్లు తండ్రి నుంచి వచ్చింది గాదు. తండ్రి వై మంచిగనే ఉంటది, ఆయనకు పిల్లలు పుట్టిన్రు కదా. కొడుకు తయారయ్యేటప్పుడు కొత్తగ జరిగిన తెగుడు అది. సుట్ట తాగినందుకు గాదు, చిన్నప్పటి ఏ అలవాటుతోని గాదు, ఎవలి పాపం గాదు. మన హైదరాబాద్ హబ్సిగూడల ఉన్న సీసీఎంబీల తంగరాజ్ బృందం 340 మంది కణాలు లేని మన దేశం మొగోళ్లను పరీక్ష చేసి 2003ల అచ్చేసింది. 29 మందిల ఈ తెగుడు దొరికింది. అంటే వందకు ఎనిమిదిన్నర.

మూడు ముక్కలల్ల ఏది పోయింది అన్నది పైసల ముచ్చట గూడ. ఎ గని, బి గని మొత్తం పోతే వృషణాన్ని కోసి ఎతికినా కణం దొరికే ఆశ దాదాపు లేదు. సి ఒక్కటే పోతే దగ్గర దగ్గర సగం మందిల ఎన్నో కొన్ని కణాలు దొరుకుతయి. ఈ సంగతి ఒక్క రక్తపరీక్షతోని తెలుస్తది. ఆ పరీక్ష చెయ్యకుంట ముందే ఆపరేషన్ బల్ల మీద పండవెడ్తే ఏమనాలె?

ఇంకో పెద్ద కారణం క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. ఎక్స్, వై ఒక్కొక్కటి ఉండాల్సిన కాడ రెండు ఎక్స్‌లు ఒక వై ఉంటయి. మొత్తం 47. హ్యారీ క్లైన్‌ఫెల్టర్ అనే డాక్టరు 1942ల ఈ లక్షణాలు రాసిండు, ఎనుక ఉన్నది అదనపు క్రోమోజోము అని 1959ల తేలింది. అయిదు వందల నుంచి వెయ్యి మంది మొగపిల్లలల్ల ఒకరికి ఉంటది. మన ఒక్కో మండలంల ఎంతమంది ఉండొచ్చో మీరే లెక్కగట్టుర్రి. శానా మందికి పిల్లలు కాకపోతే తప్ప జీవితమంతా తెలువనే తెలువది. ఇది తల్లి దిక్కు నుంచి గూడ రావొచ్చు, తండ్రి దిక్కు నుంచి గూడ రావొచ్చు, రెండు సమానమే. వీళ్లల్ల గూడ సూక్ష్మదర్శిని పెట్టి చేసే ఆపరేషన్‌తోని నూటికి నలభై మందికి పైగ కణాలు దొరుకుతున్నయి.

కొందరికి షెడ్డుల సరుకు మంచిగనే తయారైతది, బయటికొచ్చే తోవనే ఉండది. వృషణం నుంచి వచ్చే గొట్టం రెండు దిక్కుల పుట్టుకతోనే లేకుండుడు. దీనికి ఎక్కువగ సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు కారణం. ఇదే జన్యువు రెండు కాపీలు బాగ చెడితే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల రోగం వస్తది. ఇసువంటి మొగోని నుంచి సూదితోని కణాలు తీసి బిడ్డను కనొచ్చు. గని ముందుగాల భార్యకు గూడ ఆ జన్యువు పరీక్ష చెయ్యాలె. ఆమెల గూడ ఒక చెడ్డ కాపీ ఉంటే పుట్టే బిడ్డకు ఆ రోగం రావొచ్చు. ఈ ఒక్క మాట చెప్పకుంట బిడ్డను చేతుల పెట్టేటోళ్లు డాక్టర్లు గాదు, యాపారులు.

తోక ముచ్చట నాకు మస్తు ఇష్టం. వీర్యకణం తోకల సన్నటి నాళాలు ఒక పద్ధతిల ఉంటయి, సుట్టూ తొమ్మిది జతలు, నడుమల రెండు. మన ముక్కుల, ఊపిరి గొట్టాలల్ల దుమ్మును బయటికి ఊడ్చే సన్నటి నూగు గూడ అచ్చం అదే పద్ధతి. రెండింటికి మోటరు ఒక్కటే, డైనీన్ అనే ప్రోటీన్. ఆ మోటరు జన్యువు చెడితే చిన్నప్పటి నుంచి ఎడతెగని సర్ది, దగ్గు, సైనస్. పెద్దయినంక వీర్యకణాలు బతికే ఉంటయి గని కదలయి. వీళ్లల్ల సగం మందికి గుండె కుడి దిక్కు ఉంటది. సర్దికి, సంతానానికి ఏం సంబంధం అని నవ్వకుర్రి, డాక్టరు అడగాల్సిన ప్రశ్న అది. ఇంకోటి గూడ ఉన్నది. పుట్టుకతోని వాసన తెలువకుండ, మీసాలు రాకుండ ఉండే వాళ్లకు కాల్‌మన్ సిండ్రోమ్ ఉండొచ్చు. అది జన్యులోపమే గని మెదడు నుంచి రావాల్సిన హార్మోను సూదుల రూపంల ఇస్తే నెలల్ల కణాలు తయారైతయి. జన్యువు అనంగనే తలరాత అనుకోవద్దు అని చెప్తానికే ఇది రాస్తున్న.

ఆకారం సంగతికి వస్తే, ముందుగాల ఒక భయం పోగొట్టుకోర్రి. రిపోర్టుల 'మంచి ఆకారం 5 శాతం' అని చూసి ఏడ్చినోళ్లను చూసిన. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల 4 శాతం ఉంటే సాలు. వందల తొంబై ఆరు వంకర ఉన్నా మామూలే. అసలు సమస్య అన్నీ ఒక్కటే తీరుగ చెడినప్పుడు. అన్ని కణాల తలలు గుండ్రంగ, మీద టోపీ లేకుండ ఉంటే గుడ్డు తలుపు తెరువలేవు. ఎక్కువ మందిల డీపీవై19ఎల్2 అనే జన్యువు పోవుడు దీనికి కారణం. అన్నింటికి తల పెద్దగ, తోకలు రెండు మూడు ఉంటే ఏయూఆర్‌కేసీ అనే జన్యువును చూస్తరు. అది చెడితే కణంల క్రోమోజోములు సగం గాకుంటనే మిగిలిపోతయి. ఆ కణాన్ని సూదితోని గుడ్డుల గుచ్చినా ఫాయిదా లేదు. గుచ్చొద్దు గూడ.

ఈ రెండు, ఇంకా తోక జన్యువులు శానా వరకు తల్లి ఇచ్చిన కాపీ, తండ్రి ఇచ్చిన కాపీ రెండూ చెడితేనే బయటపడ్తయి. దగ్గరి రక్తంల పెండ్లిళ్లు అయితే రెండు దిక్కుల నుంచి ఒక్కటే చెడ్డ కాపీ వచ్చే అవకాశం పెరుగుతది. మేనబావ, మేనమామ పెండ్లిళ్లు మన రెండు రాష్ట్రాలల్ల ఇంకా నడుస్తున్నయి. ఆస్తి బయటికి పోవద్దని చేసే పెండ్లి ఇంకేం లోపటికి తెస్తదో గూడ లెక్కేసుకోవాలె. ఇట్ల అన్నంత మాత్రాన మేనరికం చేసుకున్నోళ్లందరికి గిట్లనే అయితదని గాదు. ఎక్కువ మందికి మంచిగనే పుడ్తరు.

రిపోర్టుల సంఖ్య బాగుంటది, కదలిక బాగుంటది, కడుపు నిలువది. లేకుంటే నిలిచి పోతది, రెండోసారి పోతది, మూడోసారి పోతది. గిప్పుడు గూడ 'ఆమె గర్భసంచి బలం లేదు' అనే అంటరు. మొగోని క్రోమోజోములల్ల రెండు ముక్కలు జాగ మార్చుకొని ఉండొచ్చు. ఆయనకు ఏం కాదు, ఎందుకంటే సరుకంతా లోపట్నే ఉన్నది. పంచేటప్పుడు మాత్రం ఒక బిడ్డకు ఒక ముక్క ఎక్కువ, ఇంకో ముక్క తక్కువ వస్తది, కడుపు పోతది. అందుకే గర్భస్రావాలు మళ్ల మళ్ల అయితే క్రోమోజోముల పరీక్ష భార్యాభర్తలిద్దరికి చెయ్యాలె.

కొత్తగ ఒక పరీక్ష గూడ రాస్తున్నరు, డీఎన్ఏ ముక్కల పరీక్ష. వీర్యకణం తన డీఎన్ఏను ప్రోటమిన్ అనే ప్రోటీన్‌తోని గట్టిగ చుట్టి మూట గడ్తది. రసమంతా పారేసుకున్నది కాబట్టి తొవ్వల డీఎన్ఏ తెగితే అతుకేసుకునే సామాను దాని కాడ ఉండది. మూట వదులుంటే, లేకుంటే పొగాకు, జరం, వృషణాల రక్తనాళాల వాపు, ఎక్కువ వేడితోని ఆక్సిజన్ మంట పెరిగితే తెగుడు ఎక్కువైతది. వృషణాలు ఒంటి బయట వేలాడేదే రెండు మూడు డిగ్రీల సల్లదనం కోసం. బట్టీల కాడ, పొయ్యిల కాడ గంటల తరబడి నిలబడేటోళ్ల సంగతి ఆలోచించుర్రి.

1977ల అమెరికా కాలిఫోర్నియాల లాత్రోప్ అనే ఊర్ల పురుగుమందుల కంపెనీ కార్మికులు ముచ్చట పెట్టుకుంటుంటే తమల ఎవలకీ పిల్లలు కావట్లేదని వాళ్లకు వాళ్లే గుర్తుపట్టిన్రు. పరీక్ష చేస్తే కణాలు పడిపోయి ఉన్నయి. డీబీసీపీ అనే మందు కారణమని తేలింది. 1979ల అక్కడ హవాయి అనాస తోటలకు తప్ప దాన్ని ఆపేసిన్రు. ముందుగాల పట్టుకున్నది కంపెనీ గాదు, సర్కారు గాదు, కూలోళ్లు. మన పత్తి చేన్లల్ల మూతికి గుడ్డ లేకుంట మందు కొట్టే పిలగాండ్లకు ఎవలు పరీక్ష చేస్తరు?

ఇంకా కారణం దొరకని కేసులు మస్తున్నయి, పని నడుస్తున్నది. సీసీఎంబీ వాళ్లు 47 మంది మొగోళ్ల జన్యువులను మొత్తం సదివి, దొరికినదాన్ని దేశంల వేర్వేరు జాగల 1500 మంది దాక సరిచూసి 2022ల ఎనిమిది జన్యువులను కొత్తగ పట్టుకున్నరు. అందుల సీఈటీఎన్1 అనే జన్యువుల తేడా ఉంటే కణం చీలేటప్పుడు లైను ఆగిపోతున్నది. తర్వాత ఎక్స్ మీద ఉండే టెక్స్13బి అనే ఇంకో జన్యువు సంగతి గూడ తేల్చిన్రు. కొడుకుకు ఎక్స్ తల్లి నుంచే వస్తది. ఇగ దీన్ని పట్టుకొని అత్తను తిట్టే పని మొదలుపెట్టకుర్రి. జన్యువు ఎవలూ ఏరి ఇచ్చేది గాదు.

ఇంత సైన్సు మన ఊర్లనే, మన పన్ను పైసలతోనే జరుగుతున్నది. దానికి నాలుగు కిలోమీటర్ల అవతల గల్లీ గల్లీకి ఫర్టిలిటీ సెంటర్ బోర్డు. 'గ్యారంటీ', 'కిస్తీల మీద' అని రాసి ఉంటది. 2025 జూలైల సికింద్రాబాద్ కాడ ఒక సెంటర్ సంగతి అందరు టీవీలల్ల చూసిన్రు. పైసలు పోసి తెచ్చుకున్న బిడ్డ తమ రక్తం గాదని డీఎన్ఏ పరీక్షల తేలితే ఒక జంట పోలీసుల కాడికి పోయింది. అది నేరం, కోర్టు చూసుకుంటది. నా మాట నేరం చెయ్యని సెంటర్ల గురించి. 1992ల బ్రసెల్స్‌ల ఒక్క కణాన్ని సూదితోని గుడ్డుల గుచ్చే ఇక్సీ పద్ధతి వచ్చిన సంది మొగోని లోపం ఏందో ఎతికే ఓపిక పోయింది. ఒక్క కణం సాలు కదా, కారణం ఎందుకు అన్నట్టు తయారైంది. హార్మోను సూదులు ఎవలకు? ఆమెకు. గుడ్లు తీసే మత్తు ఎవలకు? ఆమెకు. లోపం ఆయనదైనా ఒళ్లు ఆమెది.

2021ల వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం సెంటర్ వాళ్లు చికిత్సకు ముందే కౌన్సెలింగ్ ఇయ్యాలె, గెలుపు అవకాశం ఎంత, ఖర్చెంత, కష్టనష్టాలేంది అన్నీ చెప్పి రాతమూలకంగ ఒప్పుకోలు తీసుకోవాలె. అడుగుర్రి. అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. వీర్యపరీక్ష ఒక్కసారితోని తీర్పు చెయ్యొద్దు, కొన్ని వారాలు ఆగి రెండోసారి చేపియ్యాలె, జరం వచ్చి ఉంటే మూడు నెలలు ఆగాలె. కణాలు సున్నా ఉన్నా, మిల్లీలీటరుకు 50 లక్షల కంటే తక్కువున్నా క్రోమోజోముల పరీక్ష, వై తెగుడు పరీక్ష రాయమని అడుగుర్రి. గొట్టం లేదంటే సీఎఫ్‌టీఆర్. జిమ్ముల కండలకని టెస్టోస్టెరాన్ సూదులు పొడిపించుకునే తమ్ముళ్లు అది ముందుగాల బందు పెట్టుర్రి. బయట నుంచి హార్మోను పోస్తే మెదడు రెండో షెడ్డుకు కరెంటు కట్ చేస్తది.

సర్కారును గూడ అడగాలె. గాంధీ దవాఖానల 2023ల ఐవీఎఫ్ సెంటర్ తెరిచిన్రు, మంచిదే. నిమ్స్‌ల జెనెటిక్స్ విభాగం ఉన్నది, బేగంపేటల ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ దవాఖాన ఉన్నది. అన్నీ హైదరాబాద్‌లనే. ఆసిఫాబాద్ నుంచి, అచ్చంపేట నుంచి ఒక కూలి మనిషి రక్తపరీక్ష కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకొని రావాల్నా? జిల్లా దవాఖానల రక్తం తీసుకొని ఇక్కడికి పంపితే ఏం పోతది? వీర్యపరీక్ష చేసే మనిషి, సూక్ష్మదర్శిని ప్రతి జిల్లా దవాఖానల ఉండాలె, భార్యకు ట్యూబు టెస్టు రాసే ముందు భర్త రిపోర్టు చూడాలె అని ఒక్క ఆర్డరు ఇస్తే ఎన్ని కోతలు తగ్గుతయో.

సంతకం పెట్టే ముందు ఇంకొక్క సంగతి తెలుసుకోవాలె. ఏజెడ్ఎఫ్-సి తెగిన మొగోనికి ఇక్సీతోని బిడ్డ పుడ్తే ఆమెకు ఆ వై పోనే పోదు. కొడుకు పుడ్తే అదే తెగిన వై వస్తది, అంటే పాతికేండ్ల తర్వాత ఆ పిలగాడు గూడ ఇదే రిపోర్టు చేతుల పట్టుకుంటడు. బ్రసెల్స్‌ల ఇక్సీతోని పుట్టిన 54 మంది పిలగాండ్లను 18 నుంచి 22 ఏండ్ల వయసుల పరీక్ష చేసి 2016ల అచ్చేసిన్రు, మామూలుగ పుట్టిన తోటోళ్ల కంటే వాళ్ల కణాల సంఖ్య దగ్గర దగ్గర సగమే ఉన్నది. కొడుకును కనొద్దని గాదు దీని అర్థం. తెలిసి కనాలె. ఆ పిలగాడు పెద్దయినంక ఆయనకు గూడ చెప్పాలె, పెండ్లికి ముందు ఆయన చేసుకోబొయ్యే పిల్లకు గూడ చెప్పాలె.